ముందు గ్యాప్, తర్వాతే టైమింగ్: పాత రేసింగ్ అవుట్‌బోర్డ్ ఇంజన్ నాకు నేర్పిన పాఠం

ఈ రోజు ముందుగా నా చేతిలో ఉన్నది చూడండి. కెమెరాకి కొంచెం దగ్గరగా పెడతాను. ఇది పిస్టన్. పైన నడి మధ్యలో బొక్క కనిపిస్తోందా? నా చిటికెన వేలు దూరిపోతుంది. డ్రిల్లు పెట్టి చేసింది కాదండీ, మంట చేసింది. ఇంకా నిజం చెప్పాలంటే, నేను చేశాను.

ఈ పిస్టన్ 1950ల నాటి మెర్క్యురీ మార్క్ 20హెచ్ అనే రేసింగ్ అవుట్‌బోర్డ్ ఇంజన్‌ది. అవుట్‌బోర్డ్ అంటే పడవ వెనక చెక్కకి బిగించే మోటారు. ఇంజన్ పైన, ఫ్యాన్ కింద నీళ్ళలో. మన దగ్గర సముద్రంలో వేటకి వెళ్ళే చిన్న పడవల మీద చూసే ఉంటారు. నా దగ్గరున్నది వేటది కాదు, పందేలది. రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, సుమారు 325 సీసీ. వయసులో మా నాన్నకి అటూ ఇటూగా ఉంటుంది.

నేను ఉండేది అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం. ఇక్కడికి ఉద్యోగం కోసం వచ్చాను, మోటార్ల కోసం కాదు. కానీ ఈ మోటార్లకి పుట్టిల్లు లాంటి చోటికే వచ్చానని తర్వాత తెలిసింది. 1909లో ఓలే ఎవిన్‌రూడ్ తన అవుట్‌బోర్డ్ మోటార్ల వ్యాపారం మొదలుపెట్టింది ఈ రాష్ట్రంలోని మిల్వాకీలో. 1939లో కార్ల్ కీకాఫర్ మెర్క్యురీని మొదలుపెట్టింది ఇక్కడే, సీడర్‌బర్గ్ అనే ఊళ్ళో. అందుకే ఈ చుట్టుపక్కల చాలా గరాజుల్లో ఒక మూల గుడ్డ కప్పిన పాత మోటారు కనిపిస్తుంది.

మా పక్కింటి పెద్దాయన గరాజులో కనిపించింది ఇదే. కుర్రతనంలో ఆయన దీంతో పందేలు ఆడారు. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి. "నువ్వు స్కూటర్ మెకానిక్ కొడుకువటగా, దీన్ని మళ్ళీ పాడించగలవా?" అన్నారు. మా నాన్నకి రాజమండ్రిలో స్కూటర్ షెడ్డు ఉండేది. పదేళ్ళప్పటి నుంచి నేను పాయింట్లు తుడిచినవాణ్ణి. ఇంకేముంది, సరే అనేశాను.

ఏం జరిగిందో చెప్తాను. దానికంటే ముందు టైమింగ్ అంటే ఏంటో అర్థం కావాలి, లేకపోతే నా తప్పు మీకు అర్థం కాదు.

టైమింగ్ అంటే ఏంటి?

ప్లగ్ దగ్గర స్పార్క్ ఏ క్షణంలో పడాలి అన్నదే టైమింగ్. పిస్టన్ పైకి వచ్చి గ్యాసుని నొక్కుతుంది కదా. అది పూర్తిగా పైకి చేరిన చోటుని టాప్ డెడ్ సెంటర్, పొట్టిగా టీడీసీ అంటారు. చాలామంది అనుకునేది, స్పార్క్ సరిగ్గా అక్కడే పడుతుందని. కాదు. అంతకంటే ముందే పడాలి.

ఎందుకంటే పెట్రోలు టపాకాయలా ఒక్కసారి ఢామ్మని పేలదు. ప్లగ్ దగ్గర అంటుకుని, అక్కణ్ణుంచి మంట నాలుగు వైపులా పాకుతుంది. దానికి కొంచెం టైం పడుతుంది. ఇంజన్ మాత్రం ఆగి చూడదు.

చిన్న లెక్క. ఇంజన్ నిమిషానికి 6000 చుట్లు తిరుగుతోంది అనుకోండి. అంటే సెకనుకి 100 చుట్లు. ఒక చుట్టుకి 10 మిల్లీసెకన్లు. టూ స్ట్రోక్ కాబట్టి ప్రతి సిలిండర్‌లో ప్రతి చుట్టుకీ ఒక స్పార్క్. టీడీసీకి 20 డిగ్రీల ముందు స్పార్క్ ఇచ్చామంటే, మంటకి మనం ఇచ్చిన అడ్వాన్స్ అర మిల్లీసెకను కంటే కాస్త ఎక్కువ. అంతే! కన్ను ఆర్పేలోపు అలాంటివి వందలు వెళ్ళిపోతాయి.

ఉయ్యాల ఊపడం గుర్తు తెచ్చుకోండి. ఉయ్యాల మన దాకా వచ్చి, వెనక్కి తిరిగాక తోస్తే హాయిగా పైకి లేస్తుంది. ఇంకా మన మీదకి వస్తుండగానే తోస్తే? మణికట్టు నొప్పెడుతుంది, ఉయ్యాల కూడా ఆగిపోతుంది. ఇంజన్‌లో కూడా ఒత్తిడి బాగా పెరగాల్సింది పిస్టన్ టీడీసీ దాటి పది పదిహేను డిగ్రీలు దిగాక. అక్కడికి సరిపోయేలా లెక్కేసుకుని, ముందే నిప్పు పెడతాం.

స్పార్క్ లేటైతే పవర్ తగ్గుతుంది, వేడి సైలెన్సర్ వైపు పోతుంది. మరీ ముందైతే? అక్కడే అసలు ప్రమాదం.

పిస్టన్‌కి బొక్క ఎలా పడుతుంది?

మంట ముందే మొదలైంది, పిస్టన్ ఇంకా పైకి వస్తూనే ఉంది. రెండూ కలిసి మిగిలిన గ్యాసుని మూలలకి నెట్టి పిండేస్తాయి. ఆ ఒత్తిడికి, వేడికి మంట చేరకముందే ఆ గ్యాసు దానంతట అదే పేలుతుంది. దీన్నే డిటొనేషన్ అంటారు. పిస్టన్ తల మీద పలచగా ఒక గ్యాసు పొర ఉంటుంది, దుప్పటిలా అది వేడిని ఆపుతుంది. డిటొనేషన్ దెబ్బలకి ఆ దుప్పటి చిరిగిపోతుంది. మంట వేడి 2000 డిగ్రీల పైమాట. అల్యూమినియం కరిగేది 660 డిగ్రీల దగ్గర. ఇక చెప్పేదేముంది.

బైకు మీద అయితే ఇది కొంత తెలుస్తుంది. టిక్ టిక్‌మని చప్పుడు వస్తుంది, యాక్సిలరేటర్ వదిలేస్తాం. పల్లం వస్తే ఇంజన్ ఊపిరి తీసుకుంటుంది. నీళ్ళ మీద పల్లం ఉండదండీ. మొదలైన దగ్గర్నుంచి చివరిదాకా ఫుల్ థ్రాటిల్, ఫ్యాన్ మీద ఎప్పుడూ నీటి బరువు. రేసింగ్ ఇంజన్ మోతలో ఆ టిక్ టిక్ వినపడనే వినపడదు. వినపడేది చివరి చప్పుడే.

పాత ఇంజన్‌లో స్పార్క్ ఎక్కణ్ణుంచి వస్తుంది?

బ్యాటరీ లేదు, కంప్యూటర్ లేదు. మీ తాతగారి పాత చేతక్ స్కూటర్‌లో ఉన్న పద్ధతే. పైన తిరిగే చక్రంలో అయస్కాంతాలు ఉంటాయి. మన మెకానిక్కులు దాన్నే మ్యాగ్నెట్ అంటారు. దాని కింద ఒక ప్లేటు, ప్లేటు మీద కాయిల్, కండెన్సర్, పాయింట్లు. అయస్కాంతం కాయిల్ పక్క నుంచి వెళ్తుంటే కరెంటు పుడుతుంది. సరిగ్గా పాయింట్లు విడిపోయిన క్షణంలో ప్లగ్ దగ్గర స్పార్క్ పడుతుంది. ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి: పాయింట్లు విడిపోవడమే స్పార్క్.

అవుట్‌బోర్డ్‌లో ఒక తమాషా ఉంది. ఆ ప్లేటు కదలకుండా ఉండదు. థ్రాటిల్ లివర్ తిప్పితే ప్లేటు కూడా తిరుగుతుంది. నెమ్మదిగా నడిపేటప్పుడు స్పార్క్ లేటు, లివర్ పెంచేకొద్దీ అడ్వాన్స్. చివర్లో ఒక స్టాప్ తగిలి ప్లేటు ఆగుతుంది. ఆ స్టాప్ దగ్గర వచ్చేదే ఫుల్ అడ్వాన్స్. రేసు మొత్తం నడిచేది అక్కడే, కాబట్టి మనం కొలవాల్సిందీ అక్కడే.

ఇంకోటి. లివర్ పూర్తిగా పెంచి తాడు లాగి స్టార్ట్ చేయకండి. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతోంది, స్పార్క్ ముందే పడుతుంది, పిస్టన్ వెనక్కి తంతుంది. తాడు చేతిలోంచి లాక్కుపోతుంది. వేళ్ళు పోయేంత పని అవుతుంది.

ఇప్పుడు పని మొదలుపెడదాం

ముందు జాగ్రత్త. రెండు ప్లగ్గులూ విప్పండి, ప్లగ్ వైర్లని ఇంజన్ బాడీకి తగిలించి ఉంచండి. విప్పే ముందు ప్రతి స్టేజీలో ఫోన్‌తో ఫోటో తీయండి. ఏ వైరు ఎటు వెళ్ళిందో రేపు గుర్తుండదు.

మొదట మ్యాగ్నెట్ తీసి దాని కీ చూడండి. షాఫ్టుకీ మ్యాగ్నెట్‌కీ మధ్య అర్ధచంద్రాకారంలో చిన్న ఇనుప ముక్క ఉంటుంది. అది కొంచెం కోసుకుపోయినా మ్యాగ్నెట్ పక్కకి జరుగుతుంది, మీరు పెట్టిన మార్కులన్నీ అబద్ధాలు అవుతాయి. కీ మంచిదైతేనే ముందుకెళ్ళండి. మ్యాగ్నెట్ మీద పగుళ్ళు కనిపిస్తే మాత్రం పక్కన పడేయండి. 6000 స్పీడులో అది పగిలితే బాంబే.

రెండోది పాయింట్లు. గుంటలు పడితే మార్చండి, కొత్తవైనా నూనె లేకుండా తుడవండి. క్యామ్ తిరుగుతూ పాయింట్లని బాగా ఎడం చేసిన చోట ఫీలర్ గేజ్ పెట్టి గ్యాప్ కొలవండి. మీ ఇంజన్ మాన్యువల్ ఏ అంకె చెబితే అది. ఈ కాలం నాటి చాలా అవుట్‌బోర్డ్‌లకి అది అర మిల్లీమీటరు దగ్గర్లో ఉంటుంది. రెండు సిలిండర్లకి రెండు సెట్ల పాయింట్లు. రెండూ కొలవాలి. కంటితో కాదు, గేజ్‌తో. ఈ మాట ఎందుకు నొక్కి చెప్తున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

మూడోది టీడీసీ కనుక్కోవడం. స్క్రూడ్రైవర్ ప్లగ్ బొక్కలో పెట్టి "ఇదిగో పైకి వచ్చింది" అనుకుంటే కుదరదు. పైన చేరాక పిస్టన్ కొన్ని డిగ్రీల పాటు కదిలీ కదలనట్టు ఉంటుంది. అందుకని ప్లగ్ బొక్కలో పిస్టన్‌ని అడ్డుకునే స్టాప్ ఒకటి బిగించండి. పాత ప్లగ్ లోపలి పింగాణీ తీసేసి, బోల్టు పెట్టి ఇంట్లోనే చేసుకోవచ్చు. బోల్టు కొస నున్నగా ఉండాలి. ఇంజన్ బాడీకి ఒక తీగని ముల్లులా కట్టండి. మ్యాగ్నెట్‌ని మెల్లగా తిప్పండి, పిస్టన్ తగిలి ఆగుతుంది. ముల్లు ఎదురుగా మ్యాగ్నెట్ మీద గీత పెట్టండి. ఇప్పుడు రెండో వైపు తిప్పండి, మళ్ళీ ఆగుతుంది, ఇంకో గీత. ఈ రెండు గీతలకి సరిగ్గా మధ్యలో ఉన్నదే టీడీసీ. స్టాప్ తీసేయడం మర్చిపోవద్దు.

నాలుగోది డిగ్రీలు గీయడం. ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. మ్యాగ్నెట్ చుట్టూ కాగితం టేపు చుట్టి చుట్టుకొలత తీసుకోండి. 540 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. 360తో భాగిస్తే ఒక డిగ్రీకి ఒకటిన్నర మిల్లీమీటరు. 20 డిగ్రీలంటే 30 మిల్లీమీటర్లు. ఇక్కడ 20 అన్నది ఉదాహరణకి మాత్రమే, మీ ఇంజన్‌కి మాన్యువల్ ఏం చెబితే అదే.

ఏ వైపు కొలవాలి? చాలామంది తప్పు చేసేది ఇక్కడే. పైనుంచి చూస్తే మ్యాగ్నెట్ గడియారం ముల్లులా తిరిగే ఇంజన్‌లో, 20 డిగ్రీల గీత టీడీసీ గీతకి గడియారం ముల్లు తిరిగే వైపే ఉండాలి. ఎందుకంటే ముల్లు ముందుకి అదే మొదట రావాలి, టీడీసీ గీత దాని వెనక రావాలి. అనుమానం ఉంటే చేత్తో తిప్పి చూసుకోండి.

కొంతమంది డిగ్రీలు కాకుండా పిస్టన్ ఎంత కిందుందో మిల్లీమీటర్లలో చెప్తారు. రెండూ ఒకటే విషయం. స్ట్రోక్ 54 మిల్లీమీటర్లు, కనెక్టింగ్ రాడ్ 110 ఉన్న ఇంజన్‌లో 20 డిగ్రీలంటే పిస్టన్ 2 మిల్లీమీటర్లు కింద ఉంటుంది. 25 డిగ్రీలంటే 3.1. చూశారా, ఐదు డిగ్రీల తేడా ఒక్క మిల్లీమీటరులో ఉంది. అందుకే కంటి లెక్క పనికిరాదు. ప్లగ్ బొక్క ఏటవాలుగా ఉన్న ఇంజన్‌లో ఈ లోతు కొలత తప్పు చూపిస్తుంది. కాబట్టి నాకు టేపే ఇష్టం.

ఐదోది, పాయింట్లు ఎప్పుడు విడిపోతున్నాయో చూడటం. మల్టీమీటర్ బీప్ పెట్టి చూద్దామనుకుంటారు. కానీ పాయింట్లకి కాయిల్ వైరు తగిలి ఉంటే మీటర్ ఎప్పుడూ బీప్ అంటూనే ఉంటుంది, ఎందుకంటే ఆ కాయిల్ వైరు రెసిస్టెన్స్ చాలా తక్కువ. ముందు కాయిల్, కండెన్సర్ వైర్లు విప్పాలి. అప్పుడు పాయింట్లు కలిస్తే బీప్, విడిపోతే మౌనం. మీటర్ లేకపోతే మా నాన్న పద్ధతి. సిగరెట్ పెట్టె మీది పలచని కాగితం పాయింట్ల మధ్య పెట్టి మెల్లగా లాగుతూ మ్యాగ్నెట్ తిప్పండి. కాగితం ఊడి చేతిలోకి వచ్చిన క్షణమే స్పార్క్.

లివర్ ఫుల్‌కి నెట్టి, ప్లేటు స్టాప్‌కి తగిలేలా పట్టుకోండి. ఇంజన్ తిరిగే దిశలోనే మ్యాగ్నెట్ తిప్పండి. బీప్ ఆగిన చోట ముల్లు ఏ గీత మీద ఉంది? 20 కంటే ముందుంటే స్టాప్‌ని వెనక్కి, తక్కువుంటే ముందుకి. ఇలా మొదటి సిలిండర్ కుదిరాక రెండోది చూడండి. అది సరిగ్గా 180 డిగ్రీల తర్వాత విడిపోవాలి. ఒక డిగ్రీ తేడా ఉంటే రెండో సెట్ గ్యాప్‌తో పిసరంత సర్దవచ్చు. అంతకంటే ఎక్కువ తేడా ఉందంటే క్యామో, పాయింట్ల పిన్నో అరిగిపోయిందన్నమాట. గ్యాప్‌తో దాన్ని దాచొద్దు.

చివరగా వైర్లు తగిలించి, మ్యాగ్నెట్ నట్టుని మాన్యువల్ చెప్పినంత బిగించి, నీళ్ళ తొట్టిలో పెట్టి నడుపుతూ టైమింగ్ లైటుతో ఒకసారి సరిచూసుకోండి. లైటుకి విడిగా 12 వోల్టుల బ్యాటరీ కావాలి. నీళ్ళు లేకుండా మాత్రం ఒక్క నిమిషం కూడా నడపొద్దు. మ్యాగ్నెట్ పైన మూత ఉండదు కాబట్టి చున్నీ, చైను, పొడుగు జుట్టు దూరంగా.

మరి నా పిస్టన్ ఎందుకు పోయింది?

ఇదంతా నేను చేశాను. ఒక శనివారం మొత్తం కూర్చుని రెండు సిలిండర్లకీ చక్కగా పెట్టాను. పాత ఇంజన్లవాళ్ళు కలుసుకునే ఒక చిన్న సరస్సు దగ్గరికి వెళ్ళాల్సి ఉంది. ముందు రోజు రాత్రి మళ్ళీ ఒకసారి చూశాను. పై సిలిండర్ పాయింట్ల మీద చిన్న మచ్చ. "తుడిచేద్దాం, ఎంతసేపు" అనుకున్నాను. విప్పి, రాసి, బిగించాను. గేజ్ పక్క గదిలో ఉంది. కంటితో చూసి "ఆ, అర మిల్లీమీటరే" అనేశాను. టైమింగ్ మళ్ళీ కొలవలేదు. శనివారమే పెట్టాను కదా అని.

పొద్దున ఒక రౌండు తిరిగొచ్చాక ప్లగ్గులు తీశాను. పై ప్లగ్ మీద సన్నగా వెండి రంగు చుక్కలు. మిరియం గింజలో పదో వంతు కూడా ఉండవు. మెరుస్తున్నాయి, బాగానే ఉంది అనుకున్నాను. అవి పిస్టన్ నుంచి కరిగి వచ్చిన అల్యూమినియం. ఇంజన్ నాకు ముందే చెప్పింది, నాకు వినపడలేదు.

రెండో రౌండులో మూడు నిమిషాలు. తర్వాత సగం పవర్, తర్వాత మౌనం. ఒడ్డున పెద్దాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. నన్ను తాళ్ళు కట్టి ఒడ్డుకి లాక్కొచ్చారు.

ఆ రాత్రి నాన్నకి వీడియో కాల్ చేసి పిస్టన్ చూపించాను. ఆయన ఒకటే అడిగారు. "ఏరా, టైమింగ్ పెట్టాక గ్యాప్ ముట్టుకున్నావా?" నేను నోరు తెరవలేదు. "గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందే విడిపోతాయి. ముందే విడిపోతే ముందే స్పార్క్. నీకు పదేళ్ళప్పుడే చెప్పాను కదరా అబ్బాయ్" అన్నారు.

తర్వాత గేజ్ పెట్టి చూశాను. 0.5 ఉండాల్సింది 0.65 ఉంది. టేపుతో కొలిస్తే పై సిలిండర్ ఆరు డిగ్రీలు ముందుకి వెళ్ళింది. కింది సిలిండర్ నేను ముట్టుకోలేదు. దాని పిస్టన్ ఇప్పటికీ కొత్త దానిలా ఉంది. ఒకే ఇంజన్, ఒకే పెట్రోలు, ఒకే రోజు. తేడా ఆ 0.15 మిల్లీమీటర్లే.

పెద్దాయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఇలాంటి పిస్టన్ షాపులో దొరకదు, తెలిసినవాళ్ళ గరాజుల్లో వెతుక్కోవాలి. నాలుగు నెలలు పట్టింది. అన్ని రోజులూ సాయంత్రం ఆయన వచ్చి ఖాళీ సిలిండర్ వైపు ఓసారి చూసి వెళ్ళేవారు.

కాబట్టి ఫ్రెండ్స్, టైమింగ్‌ని స్పీడు కోసం తిప్పే మీట అనుకోకండి. రెండు డిగ్రీలు లేటుగా ఉంటే పందెంలో కొంచెం వెనకబడతారు. రెండు డిగ్రీలు ముందుకెళ్తే పడవ ఒడ్డుకి తాడు మీద రావచ్చు. కొత్తగా పెట్టినప్పుడు మాన్యువల్ అంకె కంటే ఒకటి రెండు డిగ్రీలు లేటుగానే మొదలుపెట్టండి. ఒక రౌండు తిరగండి, ప్లగ్గులు చదవండి. లేత గోధుమ రంగు అయితే సంతోషం. వెండి చుక్కలు కనిపిస్తే ఆ రోజుకి ఇంటికి వెళ్ళిపోండి.

ఫోన్‌లో ఒక నోట్ పెట్టుకోండి: తేదీ, రెండు గ్యాపులు, రెండు టైమింగులు, ప్లగ్ నంబరు. గ్యాప్ ముట్టుకున్న ప్రతిసారీ టైమింగ్ గడి ఖాళీ చేసేయండి. మళ్ళీ కొలిచాకే నింపండి. నా ఫోన్‌లో ఇప్పుడు అలాగే ఉంది.

ఇంజన్ కిందటి నెల మళ్ళీ పాడింది. తాడు లాగింది నేను కాదు, పెద్దాయనే. ఆ వీడియో వచ్చే ఎపిసోడ్‌లో చూపిస్తాను. ఇంట్లో పాత స్కూటరో, పాత బైకో ఉంటే ఈ ఆదివారం పాయింట్ల మూత తీసి చూడండి. గేజ్ మాత్రం చేతిలోనే ఉంచుకోండి. ఉంటానండీ, నమస్తే.